శ్రామిక గేయంలో వేగం, లెక్క: కె.కోటపాడు ప్రాంత శ్రమ నేపథ్యంలో పునఃపరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు జానపద గేయ పరిశోధనలో శ్రామిక గేయాలకు మొదటినుంచీ ప్రత్యేక స్థానం ఉంది. ఆచార్య బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) ఈ అధ్యయనానికి శాస్త్రీయమైన పునాది వేసింది. ఆ తరువాత విశ్వవిద్యాలయాల్లో జరిగిన ప్రాంతీయ పరిశోధనలు ఊడ్పు, కలుపు, కోత, ఏతం, దంపుడు, తిరగలి అంటూ పని పేరును బట్టి గేయాలను విభజించి సేకరించాయి. ఈ విభాగాలన్నింటికీ ముందు సాధారణంగా కనిపించే నిర్వచనం ఒకటుంది: శ్రమను మరచిపోవడానికి శ్రామికులు పాడుకొనే పాటలే శ్రామిక గేయాలు.

ఈ నిర్వచనం అసత్యం కాదు. అయితే అది ఒక ప్రశ్నను అడగకుండానే దాటిపోయింది. పాట వల్ల అలసట మరుగున పడవచ్చును గాని పని పరిమాణం తగ్గదు. అలసట తెలియని మనిషి మరికొంతసేపు వంగి ఉండగలడు, మరో రెండు మళ్ళు ఊడ్చగలడు. అంటే శ్రమ మరపు వల్ల కలిగే మొదటి ఫలితం శ్రామికుడి సుఖమైతే, రెండవ ఫలితం యజమాని దిగుబడి. ఆధునిక పరిభాషలో దీనికే ఉత్పాదకత అని పేరు. సిబ్బందిని ఎలా నడిపితే పని పెరుగుతుందన్నది నిర్వహణశాస్త్రం వేసుకొనే ప్రశ్న. మన జానపద విజ్ఞానం తెలియకుండానే ఆ ప్రశ్నకు ఒక సమాధానం చెప్పి, దాన్ని సాహిత్య నిర్వచనంగా స్థిరపరిచింది.

ఈ వ్యాసం శ్రామిక గేయాన్ని రెండు ప్రమాణాలతో పరిశీలించవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది. పని వేగాన్ని నిర్ణయించేది ఎవరు? చేసిన పని లెక్క ఎవరి నోట ఉంది? వస్తువు, భాష, ఛందస్సు, అలంకారాల చర్చకు ఈ రెండూ తోడైనప్పుడే గేయరూపం సంపూర్ణంగా అర్థమవుతుంది.

ప్రాంతం - పని పద్ధతులు

కె.కోటపాడు మండలం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలోను, జిల్లాల పునర్విభజన తరువాత అనకాపల్లి జిల్లాలోను ఉంది. శారదానది మీది రైవాడ జలాశయం, ఊరూరా ఉన్న చెరువులు, బావులు ఈ ప్రాంతపు సేద్యానికి ఆధారాలు. వరి, చెరకు ప్రధానమైన పంటలు. పక్కనున్న చోడవరం మండలం గోవాడలో సహకార చక్కెర కర్మాగారం, అనకాపల్లిలో దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్ ఈ రైతుల చెరకుకు రెండు గమ్యాలుగా ఉంటూ వచ్చాయి. అందువల్ల ఇక్కడి శ్రమకు పొలం, గానుగ, మిల్లు, మార్కెట్ అనే నాలుగు రంగాలున్నాయి. ఒకే కుటుంబంలోని మనుషులు ఒకే ఏడాదిలో ఈ నాలుగింటిలోనూ పనిచేయడానికి అవకాశం ఉన్న ప్రాంతమిది.

ఈ నాలుగు రంగాల్లో వేగ నిర్ణయం నాలుగు విధాలు. ఊడ్పు మడిలో వరుసగా వంగిన ఆడవాళ్ళు ఒకరితో ఒకరు సమానంగా వెనక్కి కదలాలి. ఒకరు ముందుపడినా ఒకరు వెనుకబడినా వరుస చెడుతుంది. ఇక్కడి వేగం బృందానిది. బెల్లం వంట దగ్గర వేగం పాకానిది. గానుగ నుంచి వచ్చిన రసం పెనంలో మరుగుతున్నంతసేపు మడ్డి తీయడం, కలపడం, పిప్పి మంటను పెంచడం, తగ్గించడం అన్నీ పాకం అడిగినప్పుడే జరగాలి. చక్కెర మిల్లులో వేగం యంత్రానిది. మార్కెట్లో తూకం దగ్గరి కొలగార్లు, బరువు మోసే కళాసీలు వచ్చిన సరుకును బట్టి, బండి నిలిచే వ్యవధిని బట్టి కదలాలి. పాట ఈ నాలుగింటిలోనూ సమానంగా పుట్టదు. బృందమే వేగాన్ని నిర్ణయించుకోవలసిన చోట పాటకు పని ఉంటుంది. పాకమో యంత్రమో వేగాన్ని నిర్ణయించే చోట పాట ఉన్నా అది అలంకారప్రాయమే.

కూలి పద్ధతి కూడా పాటను ప్రభావితం చేయగలదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఏడాదికి కుదురుకున్న కంబారి, రోజుకూలి, మొత్తం పనికి గుత్త, వంతులవారీగా ఒకరి పొలానికి మరొకరు సాయం వెళ్ళడం అనే పద్ధతులు పక్కపక్కనే సాగాయి. రోజుకూలిలో పని ఎంత జరిగినా కూలి ఒక్కటే కనుక వేగం పెరగడం రైతుకు లాభం, నిలకడగా ఉండడం కూలీకి రక్ష. గుత్తలో త్వరగా ముగిస్తే లాభం బృందానిదే. ఒకే ఊడ్పు పాటను రోజుకూలికి ఒక నడకలోను, గుత్తకు మరొక నడకలోను పాడే అవకాశం ఉంది. మన సంకలనాల్లో పాట కింద గాయని పేరు, ఊరి పేరు ఉన్నాయి గాని కూలి పద్ధతి దాదాపుగా కనిపించదు. ఆ ఒక్క వివరం లేకపోవడం వల్ల, ఆ గేయం వేగాన్ని పెంచినదో ఆపినదో చెప్పే ఆధారం పరిశోధకుడి చేతికి అందకుండా పోయింది.

గేయరూపం - వేగం

శ్రామిక గేయ నిర్మాణంలో అందరూ గుర్తించిన లక్షణాలు మూడు. ఒకరు ఎత్తుకోవడం, తక్కినవారు అందుకోవడం మొదటిది. ‘హైలెస్సా’, ‘సువ్వి’ వంటి ఊతపదాలు మళ్ళీమళ్ళీ రావడం రెండవది. చరణాల సంఖ్యకు నియమం లేకపోవడం మూడవది. వీటిని మౌఖిక సంప్రదాయ లక్షణాలుగా వివరించి వదిలివేయడం పరిపాటి. శ్రమ దృష్టితో చూస్తే ఈ మూడింటికీ నిర్దిష్టమైన ప్రయోజనాలున్నాయి.

ఎత్తుగడకు, అందుకోలుకు మధ్య ఉన్న ఎడం ఊపిరి తీసుకొనే ఎడం. రోకలి దెబ్బ పడే చోట ఊతపదం పడుతుంది. రోకలి పైకి లేచే చోట అర్థమున్న మాట నడుస్తుంది. ఇద్దరు ముగ్గురు ఒకే రోటిలో దంచుతున్నప్పుడు రోకళ్ళు ఢీకొనకుండా కాపాడేది ఈ అమరికే. ‘సువ్వి’ ఒక లయచిహ్నం మాత్రమే కాక, ఒక భద్రతా నియమం కూడా. అన్నమాచార్యులు సువ్వి వరుసలో సంకీర్తనలు కట్టినప్పుడు లయ మిగిలింది, రోకలి తొలగింది. పండిత సంప్రదాయం శ్రామిక గేయాన్ని స్వీకరించిన తీరుకు ఇది మంచి ఉదాహరణ.

చరణాలకు సంఖ్యానియమం లేకపోవడంలో మరొక విశేషం ఉంది. పాటను ఎక్కడ ముగించాలో నిర్ణయించేది ఎత్తుకొనే మనిషి. ఆమె చరణాన్ని సాగదీస్తే చేతులు నెమ్మదిస్తాయి, కుదిస్తే వేగపడతాయి. వరుసలో ఒక వృద్ధురాలో బాలింతో ఉంటే నడకను ఆమెకు తగినట్టు తగ్గించే అధికారం ఆ గొంతుకు ఉంది. అదే అధికారం గట్టు మీద నిలుచున్న రైతుకు అనుకూలంగానూ మారవచ్చు. అందువల్ల పాట పాడే స్థానాన్ని నిరపాయకరమైన కళాస్థానంగా భావించడం సరికాదు. అది పెత్తనానికి, పక్షపాతానికి, పరస్పర రక్షణకు సమానంగా తావున్న స్థానం.

గేయరూపం - లెక్క

వేగం తరువాతి అంశం లెక్క. ఏతం పాటలు ఈ విషయంలో అత్యంత విలువైనవి. ఏతం తొక్కేవాడు, బాన దగ్గర నిలిచేవాడు కలిసి నీరు తోడుతున్నప్పుడు ఒక్కొక్క బానకు ఒక్కొక్క సంఖ్య చొప్పున పాట ముందుకు నడుస్తుంది. సంఖ్యకు జతగా దేవుడి పేరో, చమత్కారమో, ఇంటి ముచ్చటో వస్తుంది. విమర్శకుల దృష్టి సహజంగానే ఆ చమత్కారం మీద నిలిచింది. అయితే పాటకు వెన్నెముక ఆ సంఖ్యే. ఎన్ని బానలు తోడితే మడి తడుస్తుందో, ఎన్నింటికి మనిషి మారాలో పాటే చెబుతుంది. నీరు తోడినవాడే లెక్క చెబుతున్నాడు, దాన్ని పొలంలో ఉన్న అందరూ వింటున్నారు. ఇది చిట్టా అవసరం లేని ఉత్పత్తి నమోదు.

కళ్ళంలో ధాన్యం కొలత దీనికి తోడు నిలిచే ఆచారం. కుంచంతో కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా ‘లాభం’ అనడం, ‘ఏడు’ అన్న మాటలో ఏడుపు వినిపిస్తుంది కనుక దాన్ని ‘ఆరున్నొకటి’ అనడం తెలుగు పల్లెలకు తెలిసిన సంగతులే. వీటిని నమ్మకాల జాబితాలో చేర్చి ఊరుకోవడం కన్న, కొలత గొంతెత్తి చెప్పే కార్యమన్న సంగతిని గుర్తించడం ముఖ్యం. కంబారి, కూలీ, చేతివృత్తులవారు అందరూ తమ భాగం కోసం ఆ రాశి చుట్టూ నిలిచేవారు. కొలిచేవాడి నోట లెక్క బిగ్గరగా రావడం వల్ల తప్పు పడితే అక్కడికక్కడే అడ్డుచెప్పే వీలుండేది. అయితే ఆ తొలి మాట ‘లాభం’ ఎవరిదన్నది రాశి పంపకం అయిన తరువాత గాని తేలదు. లెక్క వినిపించినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. అన్యాయం జరిగితే దానికి పదిమంది సాక్షులుంటారన్నదే ఈ పద్ధతి ఇచ్చిన హామీ.

నిర్వహణశాస్త్రం - పాట

పనికీ లయకూ ఉన్న సంబంధాన్ని 1896లో జర్మన్ ఆర్థికవేత్త కార్ల్ బ్యూషర్ ‘శ్రమ - లయ’ అనే అర్థం వచ్చే పేరుతో వెలువరించిన గ్రంథంలో విస్తృతంగా చర్చించాడు. సామూహిక శ్రమలోని శరీర లయ నుంచి కవిత, సంగీతం వికసించాయని ఆయన వాదం. పదిహేనేళ్ళ తరువాత, 1911లో, అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణ సూత్రాలను ప్రకటించాడు. ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మలు మోసే కూలీచేత రోజుకు 12.5 టన్నులకు బదులు 47.5 టన్నులు మోయించిన ఉదాహరణ అందులో ప్రసిద్ధం. అదే సమయంలో కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని దాదాపు నాలుగింతలైతే కూలి ఒకటిన్నర రెట్లు దాటి కొంత పెరిగిందన్నమాట. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు కూర్చోవాలో గడియారం పట్టుకున్న మనిషి చెప్పేవాడు, కూలీ ఆ మాట ప్రకారం నడిచేవాడు. తెలుగు పొలంలో ఎత్తుగడ పాడే మనిషికి ఉన్న అధికారం ఇక్కడ గడియారానికి బదిలీ అయింది.

గడియారం వచ్చినా యాజమాన్యాలు పాటను విడిచిపెట్టలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, బి.బి.సి. కర్మాగారాల కోసం ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. విసుగు తగ్గించి ఉత్పత్తి పెంచడం దాని ఆశయం. చప్పట్లు చరచవలసిన ఒక అమెరికన్ పాటను, శ్రామికులు చేతిలోని పని వదిలి తాళం వేస్తారన్న ఆందోళనతో ఆ కార్యక్రమంలో నిలిపివేశారు. వినే పాట పనికొస్తుంది, కలిసి పాడే పాట పనికి అడ్డొస్తుందన్న అవగాహన అందులో ఉంది. పాటను యాజమాన్యం ఎంచుకొన్నప్పుడు శ్రామికుడు గాయకుడి స్థానం నుంచి శ్రోత స్థానానికి దిగిపోతాడు.

బానిసత్వం నుంచి తప్పించుకొని రచయితగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ సాక్ష్యం ఈ చర్చలో మరింత కీలకమైనది. 1845లో వెలువడిన తన ఆత్మకథలో ఆయన, బానిసల పాటలు విని వారు సంతోషంగా ఉన్నారనుకొనేవారి పొరపాటును ఎత్తిచూపాడు. ఆ పాటల్లో ఉన్నది దుఃఖమని చెప్పాడు. మౌనంగా పనిచేసే బానిస యజమానులకు నచ్చడని, పనితో పాటు పాట కూడా వారు ఆశించేదేనని 1855 నాటి రెండవ గ్రంథంలో వివరించాడు. తెలుగు పల్లెలోని కూలిపని అమెరికా తోటల్లోని బానిసత్వం ఒకటి కావు. కాని పాట వినిపిస్తోంది కనుక పనివారు ఆనందంగా ఉన్నారనే వ్యాఖ్యాన పద్ధతి రెండు చోట్లా ఒకటే. శ్రమ మరపు సిద్ధాంతం ఆ పద్ధతికి దగ్గరగా నిలబడుతుంది. గట్టు మీద ఉన్నవాడికి వినిపించే పాటకు, మడిలో ఉన్నవారు పాడే పాటకు మధ్య దూరాన్ని అది గుర్తించదు.

లెక్క చేతులు మారడం - ఆధునిక సాహిత్యం

పాటలోని లెక్క కాగితం మీదికి వెళ్ళినప్పుడు ఏమవుతుందో ఉత్తరాంధ్ర కథాసాహిత్యం చూపించింది. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ (1964) కథకు కేంద్రం ఒక అప్పు. అప్పల్రాముడు ఏళ్ళ తరబడి చేసిన కష్టం ఒకవైపు, పెరుగుతూ వచ్చిన బాకీ మరొకవైపు నిలుస్తాయి. శ్రమించినవాడి కష్టానికి లెక్క లేదు, ఇచ్చినవాడి అప్పుకు లెక్క ఉంది. పంచాయతీలో ధర్మం గురించి ఎంత చర్చ జరిగినా చివరికి నిలిచేది ఆ రాతలెక్కే. తన బిడ్డ ఆ లెక్కకు వారసుడు కాకూడదనుకున్న సీతారాముడు చేసిన భయానక కార్యంతో కథ ముగుస్తుంది. కథను అప్పు, పారిశ్రామికీకరణ, గ్రామ రాజకీయాల దృష్టితో విశ్లేషించినవారు చాలామంది. మౌఖిక లెక్కకు, లిఖిత లెక్కకు మధ్య జరిగిన అధికార బదిలీగా కూడా దాన్ని చదవవచ్చు. ఏతం పాటలో సంఖ్య శ్రామికుడిది, అప్పు పత్రంలో సంఖ్య మరొకరిది.

శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’ శ్రమకు విలువ కట్టే అధికారాన్నే ప్రశ్నించిన కవిత. పొలాల నుంచి కర్మాగారాల దాకా వృత్తులను వరుసగా పేర్కొంటూ సాగే ఆ కవిత మాత్రాఛందస్సు నడకను శ్రామిక గేయానికి దగ్గరగా తెచ్చింది. కాని అందులోని గొంతు శ్రమజీవుల పక్షాన నిలిచిన కవిది. పనిచేస్తూ ఎవరూ దాన్ని ఎత్తుకోరు, అందుకోరు.

వంగపండు ప్రసాదరావు గారి విషయం వేరు. పార్వతీపురం ప్రాంతపు పల్లె నుంచి వచ్చి విశాఖపట్నం హిందూస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసిన వాగ్గేయకారుడు ఆయన. యంత్రం ఏ బలంతో నడుస్తుందో వివరించే ఆయన పాట జననాట్యమండలి వేదికల మీద విస్తృత ప్రచారం పొందింది. పల్లె పాటలోని ఎత్తుగడ, అందుకోలు, ఊతపదం అన్నీ వంగపండు పాటల్లో ఉన్నాయి. వాటి ప్రయోజనం మాత్రం మారింది. ఓడల కర్మాగారంలో పని వేగం యంత్రానిది, షిఫ్టుది. అక్కడ పాట చేతులను నడిపించనక్కరలేదు. అందుచేత అది పని వేళ దాటి సభలోకి వచ్చి, యంత్రాన్ని నడిపేది ఎవరన్న విషయాన్ని చర్చించింది. పనిలో పాడే పాట పని గురించిన పాటగా పరిణమించడం తెలుగు శ్రామిక గేయ చరిత్రలో ఒక మలుపు. జానపద గేయాలను ఒక విభాగంలోను, ఉద్యమ గేయాలను మరొక విభాగంలోను ఉంచి బోధించడం వల్ల ఈ పరిణామం విద్యార్థికి కనిపించకుండా పోతోంది.

పరిశోధనకు ప్రతిపాదనలు

కె.కోటపాడు వంటి మండలాల్లో పాటకు ఆధారమైన పనులు వేగంగా మారాయి. బియ్యపు మిల్లులు దంపుడును, మోటార్లు ఏతాన్ని, ట్రాక్టర్లు, కోతయంత్రాలు పొలంపనిలో చాలా భాగాన్ని స్వీకరించాయి. అదే సమయంలో కొత్త సామూహిక శ్రమ ఒకటి పల్లెల్లో ఏర్పడింది. 2006లో ఆరంభమైన ఉపాధి హామీ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో కూలీలను శ్రమశక్తి సంఘాలుగా కూర్చారు. బృందానికి మేట్ ఉండేవాడు. తవ్విన మట్టి కొలతను బట్టి కూలి లెక్కగట్టేవారు. 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్‌లో ఛాయాచిత్రం తీసి హాజరు నమోదు చేయడం తప్పనిసరి చేశారు. కొలత, బృందం, నాయకత్వం అనే మూడూ పాత ఊడ్పు మడిలోనూ ఉన్నవే. లెక్క మాత్రం గొంతు నుంచి మస్టరుకు, మస్టరు నుంచి తెరకు చేరింది. చెరువు మట్టి తవ్వే ఆ బృందాల్లో పాత పాటలు తెలిసిన స్త్రీలు ఉండవచ్చు. వారిని పాట పాడమని మాత్రమే కోరే పరిశోధన సగం పనే చేస్తుంది.

ఇకముందు జరిగే సేకరణల్లో ప్రతి గేయంతో పాటు కొన్ని వివరాలు నమోదు కావలసి ఉంది. అది రోజుకూలికి పాడినదా, గుత్తకా, వంతు సాయానికా? ఎత్తుకొన్నది ఎవరు, ఆ స్థానం వయసు వల్ల వచ్చిందా, గొంతు వల్లనా, రైతు ఎంపిక వల్లనా? పొద్దున పాడే నడక, పొద్దువాలినప్పటి నడక ఒకటేనా? యజమాని ఎదురుగా ఉన్నప్పుడు వదిలివేసే చరణాలు ఉన్నాయా? ఏ పనిలో, ఏ రోజున పాట ఆగిపోయేది? చివరి ప్రశ్న అన్నిటికన్న ముఖ్యమైనది. మౌనం కూడా శ్రామిక గేయ చరిత్రలో భాగమే. పనివారు పాడడం మానుకున్న సందర్భాలు తెలిస్తే గాని, పాడిన సందర్భాల విలువ తేలదు. ఇప్పటికే ముద్రితమైన సంకలనాలకు సంబంధించి, సేకర్తల రాతప్రతులు, ధ్వనిముద్రణలు భద్రంగా ఉన్న చోట ఈ వివరాలను కొంతమేర పునర్నిర్మించే వీలుంది.

ఉపసంహారం

శ్రామిక గేయం అలసటను తగ్గించిందన్న మాటలో సత్యం ఉంది. ఆ తగ్గిన అలసట ఎవరి ఖాతాలో జమ అయిందన్నది సాహిత్య విమర్శ తప్పించుకోలేని ప్రశ్న. రూపం దృష్ట్యా ఈ గేయం వేగాన్ని నడిపే సాధనం, లెక్కను పదిమందికీ వినిపించే సాధనం. ఈ రెండూ శ్రామికుల చేతిలో ఉన్నంతమేరకు పాట వారికి రక్షణ. అవి గట్టు మీదికో, గడియారానికో, పత్రానికో చేరినప్పుడు అదే పాట యజమాని పనిముట్టు కావచ్చు, లేదా వంగపండు పాటలో వలె పని విడిచి ప్రశ్నగా మారవచ్చు. ఒక గేయం ఈ మూడింటిలో ఏదో నిర్ణయించడానికి దాని పాఠం ఒక్కటే చాలదు. ఆ రోజు కూలి ఎంత, వరుసలో ఎందరు, పొద్దు గూకాక లెక్క చెప్పింది ఎవరు అన్నవి కూడా తెలియాలి. వాటిని చెప్పగలిగిన తరం పల్లెల్లో ఇంకా ఉంది. గేయపాఠాన్ని సేకరించినంత శ్రద్ధగా ఆ జ్ఞాపకాన్నీ సేకరించడం తెలుగు శాఖల ముందున్న తక్షణ కర్తవ్యం.